భూభారము

మన పురాణములలో భూదేవి గోరూపము దాల్చి బ్రహ్మదేవుని కడకేగి, తనపై బడిన భారమును మోయజాలనని మొఱపెట్టుకొన్న కథ కలదు. ఈ కథను విననివారు తెలుగువారిలో అరుదు. అయినను ఆ భారమెట్టిదో విచారించినవారును అరుదే. ఆమె మొఱపెట్టుకొన్నది మనుష్యుల లెక్క పెరిగినదని కాదు. గర్వాంధులైన రాజుల సేనలు తన్ను తొక్కివేయుచున్నవని. కథను కథగానే విడిచినను, అందలి భేదము మాత్రము మనము మఱవదగినది కాదు. భూమికి బరువైనది మనుష్యుల సంఖ్యయా, లేక కొందఱి నడవడియా? నేడు ప్రపంచమంతట విద్వాంసులు చర్చించుచున్న ప్రశ్నయు ఇంచుమించుగా ఇదియే.

ప్రపంచమున జనులు నూఱు కోట్లగుటకు 1804 ప్రాంతమువఱకు పట్టినది. ఇన్నూఱు కోట్లగుటకు మఱియొక నూట ఇరువది యేండ్లు పట్టినవి. ఆ పిమ్మట నూఱేండ్లు నిండకుండగనే, 2022 నవంబరు నాటికి, ఆ సంఖ్య ఎనిమిదివందల కోట్లైనదని ఐక్యరాజ్యసమితివారు గణించిరి. 1951లో 36 కోట్లుగానున్న మన దేశ జనము 2011 నాటికి 121 కోట్లైనది. ఈ యంకెలను జూచి భయపడువారు భయపడుచున్నారు. విజ్ఞానశాస్త్రమున్నది గదా, అన్నియు అదియే సమకూర్చునని నిశ్చింతగా నుండువారు నిశ్చింతగా నున్నారు. ఈ ఇరుపక్షములవారి వాదమును గ్రంథములలో మాత్రమే తూచుట చాలదు. ఏ సీమయందు అన్నము నీరు ఎల్లప్పుడును కొలతబెట్టినట్లుండునో, ఆ సీమ చరిత్రను అడిగి చూడవలెను. అట్టి సీమ మనకు దూరమున లేదు. అది అనంతపురపు పీఠభూమి.

ఈ సీమ రెండు ఋతుపవనములకును సవతిబిడ్డ వంటిది. నైరృతి మేఘములు పడమటి కనుమలమీదనే తమ బరువు దించుకొని, వట్టి గాలిగా ఇచటికి వచ్చును. ఈశాన్య మేఘములు కోస్తాను తడిపి, ఇంతదూరము వచ్చునప్పటికి అలసిపోవును. సాలుకు కురియు వర్షము సగటున 550 మిల్లీమీటర్లు. అదియును సమయమునకు వచ్చినప్పటి మాట. నేల పలుచని యెఱ్ఱనేల. దాని క్రింద నల్లఱాయి. పడమటి యెల్లలో వేదవతి యొడ్డున, బొమ్మనహాళు కణేకల్లు ప్రాంతములందు, ఇసుక దిబ్బలు పొలములమీదికి ప్రాకుచున్నవి. ఇట్టిచోట మనుష్యులు వందలకొలది సంవత్సరములు ఎట్లు బ్రదికిరి? ఈ ప్రశ్నకు మొదటి సమాధానము చెఱువు.

అనంతపురమను పేరే ఒక చెఱువునుండి పుట్టినది. 14వ శతాబ్దమున విజయనగర ప్రభువగు మొదటి బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు పండమేటికి అడ్డముగా గొప్ప కట్ట వేయించెననియు, ఆ కట్ట రెండు కొసలయందును బుక్కరాయసముద్రము, అనంతసాగరము అను ఊళ్లు వెలసెననియు, అనంతసాగరమే పిదప అనంతపురమాయెననియు స్థలచరిత్ర చెప్పుచున్నది. సముద్రమునెఱుగని సీమలో చెఱువునకు సముద్రమని పేరిడిరి! అందు గర్వమెంత కలదో, దాహమును అంతయే కలదు.

ఆ కాలమువారు చెఱువులను ఊహమీద త్రవ్వలేదు. పొరుగుననున్న కడప మండలమున పోరుమామిళ్ల చెఱువుకట్టపై 1369వ సంవత్సరపు శాసనమొకటి కలదు. బుక్కరాయల కుమారుడగు భాస్కర భవదూరుడు ఆ చెఱువును కట్టించెను. ప్రతిదినమును వేయిమంది కూలివాండ్రును, ఱాళ్లు మోయుటకు నూఱు బండ్లును పనిచేయగా రెండేండ్లకు అది ముగిసినదని అందు వ్రాసియున్నది. ఇంతకంటె విలువైన విషయమొకటి ఆ శాసనమునందున్నది. మంచి చెఱువునకు పండ్రెండు సాధనములు వలయునని చెప్పి, వానిలో ధర్మపరుడైన ప్రభువును, జలశాస్త్రమెఱిగిన పండితుని, గట్టి బంకనేలను, తీయని నీటి యేటిని, పొడవైన ఱాళ్లు దొరకు గనిని, నేర్పరులైన పనివారిని లెక్కించిరి. పిమ్మట చెఱువునకు దోషములాఱని చెప్పిరి. కట్టనుండి నీరూరుట, చవుటినేల, రెండు రాజ్యముల పొలిమేరయందుండుట, చెఱువు నడుమ మిట్టయుండుట అనునవి నాలుగు. అయిదవది, నీరు కొంచెమై దానిక్రింది నేల మిక్కుటముగా నుండుట. ఆఱవది, నేల కొంచెమై నీరు మిక్కుటముగా నుండుట.

చదువరులు ఈ కడపటి రెండు దోషములను ఒకింత నిదానించి చూడవలెను. ఇంత నీటికి ఇంత నేల, ఇంత నేలకు ఇంత నీరు అను కొలత ఆరువందల యేబదియేండ్ల క్రిందటనే మనవారికి తెలియును. దానిని మీఱుట వారి దృష్టిలో పాపము గాదు, పుణ్యము గాదు, కట్టడములోని దోషము. భూమి ఎందఱిని పోషింపగలదని నేడు మనమడుగు ప్రశ్నను, ఈ చెఱువు ఎంత నేలను తడుపగలదని వారు అడిగిరి. వారి ప్రశ్నకు సమాధానము దొరకెను. ఏలయన వారు అడిగినది ఒక చెఱువునుగూర్చి, ఒక యేటినిగూర్చి, ఒక ఊరినిగూర్చి. కొలత ఎల్లప్పుడును స్థలమునుబట్టియే యుండును.

కట్టించుట ఒక యెత్తు, కాపాడుట మఱియొక యెత్తు. చెఱువును బాగుచేయు బాధ్యతకు ప్రతిఫలముగా దశబంధమను మాన్యము నిచ్చు నాచారము ఈ సీమయందు ప్రబలముగా నుండెను. ఎవరి మడికి ఎంత నీరు విడువవలెనో చూచుటకు ఊరూర నీరుగంటి యుండెను. ఈ యేర్పాటు నిర్దోషమని మేమనము. నీటిపై అధికారము పెద్దకులములవారి చేతిలోనుండెను. కట్టకు మన్ను మోసినవారికి ఆ కట్టక్రింద సెంటు నేలయైనను లేకుండుట సామాన్యము. బుక్కరాయసముద్రపు కట్ట తెగబోగా ఊరిని కాపాడుటకై ముసలమ్మయను ఇల్లాలు తన్ను తాను బలియిచ్చుకొన్నదను గాథ ఇందుకు సాక్షి. కట్టమంచి రామలింగారెడ్డిగారు దీనినే ముసలమ్మ మరణమను కావ్యముగా రచించిరి. ఆమె త్యాగమునకు మనము చేతులు జోడింతము. కాని ఊరందఱి నీటికి ఒక యింటి కోడలే వెలయై పోవలసివచ్చుటను మాత్రము మెచ్చజాలము. ఈ మాటను మరల తలపవలసిన తావు ముందు కలదు.

1800వ సంవత్సరమున నిజాము ఈ మండలములను ఇంగ్లీషు కంపెనీవారికి దత్తము చేసెను. అందువలననే వీనికి దత్తమండలములని పేరు వచ్చినది. తామస్ మన్రో వీనికి ప్రధాన కలెక్టరై 1807 వఱకు పాలించెను. పొలములను కొలిపించి రైతువారీ పద్ధతిని నెలకొల్పెను. ఆతడు వెడలునప్పుడు, శిస్తు మిక్కిలి యెక్కువగా నున్నదనియు, నూటికి 25 వంతున తగ్గింపవలెననియు, బావులక్రిందను చెఱువులక్రిందను సాగగు నేలలకు మఱికొంత తగ్గింపవలెననియు వ్రాసెను. పైవారు వినలేదు. తాను చెన్నపట్టణమునకు గవర్నరై వచ్చిన పిదప, 1820లో, ఆతడే దానిని అమలుజరిపెను. ఈ సీమలో బిడ్డలకు మన్రోలప్ప యని పేరిడుకొనువారుండిరన్నచో, ప్రజలు మేలును ఎంతకాలము జ్ఞప్తియందుంచుకొందురో తెలియుచున్నది.

మన్రో ఇచట పొలములను కొలిపించుచున్న యా కాలముననే, ఇంగ్లండున మాల్థసను మతాచార్యుడు జనసంఖ్యనుగూర్చి ఒక గ్రంథమును వ్రాసి ప్రసిద్ధుడయ్యెను. అది 1798లో వెలువడినది. జనము రెట్టింపులుగా పెరుగుననియు, ఆహారము కూడికగా మాత్రమే పెరుగుననియు, ఈ రెంటికి నడుమ నేర్పడు వెలితిని కఱవు, రోగము, యుద్ధము పూడ్చుచుండుననియు ఆతని సిద్ధాంతము. ఆతడు 1805 నుండి హెయిలీబరీలో కంపెనీవారి కళాశాలయందు అర్థశాస్త్రోపాధ్యాయుడుగా నుండెను. మన దేశమును పాలించుటకు వచ్చు దొరలు చదువుకొన్నది ఆ కళాశాలయందే. ఒక ఉపాధ్యాయుని సిద్ధాంతము ఆతని శిష్యులతో ఓడలెక్కి మన తీరమునకు వచ్చినది. కొంతకాలమునకు ప్రభుత్వనీతిగా మాఱినది. దాని ఫలము ధాత కఱవున కనబడినది.

1876లో వానలు తప్పినవి. మఱుసటి యేడును సరిగా రాలేదు. ధాత నామ సంవత్సరమున వచ్చినది గాన ప్రజలు దీనిని ధాత కఱవనిరి. అప్పటికి అనంతపురము బళ్లారి మండలములో చేరియుండెను. 1882లో గాని వేఱు జిల్లా కాలేదు. చెన్నపట్టణమునుండి గుత్తిమీదుగా రాయచూరికి పొగబండి అంతకు పూర్వమే నడుచుచుండెను. ధాన్యము లేని సీమకు ధాన్యము వచ్చుటకు మార్గముండెనన్నమాట. బండ్లలో ధాన్యము వచ్చినది కూడ. కాని వానలు లేక పొలముపనులు నిలిచినప్పుడు కూలివానికి కూలి లేదు; మగ్గము నిలిచినప్పుడు నేతగానికి రాబడి లేదు; ధర మాత్రము రెండింతలు మూడింతలై కూర్చుండెను. స్టేషనులో బస్తాలు, బాటప్రక్కన శవములు. ఇది ఆ కఱవు స్వరూపము.

చెన్నపట్టణపు ప్రభుత్వము మొదట ధాన్యమును కొన యత్నించెను. వర్తకుల స్వేచ్ఛకు అడ్డుపడరాదని కలకత్తా ప్రభుత్వము దానిని ఆక్షేపించెను. 1877 జనవరి 1వ తేదీన ఢిల్లీలో విక్టోరియారాణిని చక్రవర్తినిగా చాటు దర్బారు మహావైభవముతో జరిగెను. ఆ నెలలోనే సర్ రిచర్డు టెంపులు దక్షిణదేశమునకు వచ్చి, కఱవు పనులలోని కూలిని తగ్గించెను. దినమంతయు ఱాళ్లు కొట్టిన మగవానికి ఒక పౌను ధాన్యపు వెలయు, దానిపై కొంత చిల్లరయు. పౌననగా మన లెక్కకు 450 గ్రాములు. రాజధాని ఆరోగ్యశాఖాధికారియగు డాక్టరు కార్నిషు, ఆ తిండితో మనుష్యుడు పనిచేయజాలడు సరిగదా బ్రదుకజాలడని గట్టిగా ప్రతిఘటించెను. కొన్ని నెలలకు కూలిని హెచ్చించిరి. ఈ లోపల పోవలసినవారు పోయిరి. ఇచట ఇట్లుండగా, ఆ కఱవు కాలముననే మన దేశపు గోధుమలు లక్షల టన్నులు ఇంగ్లండునకు ఎగుమతి యయ్యెను. రాజప్రతినిధి లిట్టనుగారు శాసనసభలో మాటలాడుచు, ఈ దేశమున జనము తాము పండించు తిండికంటె వేగముగా పెరుగుచున్నారను భావమును వెలిబుచ్చిరి.

1881లో జనాభా లెక్కలు తీయగా, పదియేండ్ల క్రిందటి కంటె బళ్లారి మండలమున, అనంతపురముతో కూడ, ఇంచుమించుగా అయిదవవంతు జనము తగ్గియుండిరి. దేశము మొత్తమున ఆ కఱవునకు ఆహుతియైనవారు అరకోటికి పైబడినవారని అంచనా. 1880లో కఱవు విచారణ సంఘమువారు తమ నివేదికయందు, కఱవున జనులు చచ్చుట తిండి బొత్తిగా దొరకక కాదనియు, పని పోయి, కొనుటకు డబ్బులేక అనియు గ్రహించిరి. ఇదే విషయమును నూఱేండ్ల పిదప, 1943 నాటి వంగదేశపు కఱవును పరిశోధించి, ఆచార్య అమర్త్యసేనుగారు 1981లో ప్రకటించిన గ్రంథమున శాస్త్రీయముగా స్థాపించిరి. ఆహారముండుట వేఱు, ఆహారముపై మనుష్యునకు హక్కుండుట వేఱు.

మాల్థసు సిద్ధాంతమును ఇచట పరీక్షించి చూతము. నోళ్లు ఎక్కువగుటయే కఱవునకు కారణమైనచో, అయిదవవంతు నోళ్లు శాశ్వతముగా మూతపడిన పిమ్మట మిగిలినవారు సుఖముగా నుండవలెను. కాని 1891-92లో మరల కఱవు వచ్చెను; 1896-97లో మరల వచ్చెను. ఇది యొక సాక్ష్యము. రెండవ సాక్ష్యము నేటిది. 1901లో ఈ జిల్లాయందు చదరపు మైలునకు సుమారు 140 మంది యుండిరి. పిదప కదిరి, రాయదుర్గము తాలూకాలు చేరి ఎల్లలు పెరిగినవి. 2011 నాటికి, రెండుగా చీలకముందు, ఈ జిల్లా జనము 40 లక్షలు దాటి, చదరపు మైలునకు సుమారు 550 మందియైరి. నాలుగింతలన్నమాట. వాన ఆనాటి వానయే. నేల ఆనాటి నేలయే. అయినను 1952 నాటి కఱవులో గంజికేంద్రములు తెఱవవలసివచ్చినది గాని, ధాతనాటి శవముల గుట్టలు లేవు. 1972లోను, 2002లోను దేశమున క్షామము కలిగినప్పుడును అట్టి మరణములు కలుగలేదు. జనము నాలుగింతలైనను ఆకలిచావు ఏల తగ్గినది? ప్రజలకు ఓటు వచ్చినది, పత్రికలు వచ్చినవి, చౌకధాన్యపు దుకాణములు వచ్చినవి, తుంగభద్రకు 1953లో ఆనకట్ట ముగిసి ఎగువకాలువద్వారా కొంత నీరు వచ్చినది. 1860లోనే సర్ ఆర్థరు కాటను ఆ తుంగభద్ర పథకమును సూచించెనన్న విషయమును ఇచట జ్ఞప్తికి తెచ్చుకొనుట మంచిది. అది నిర్మింపబడుటకు ధాత కఱవువంటివి ఎన్నియో గడువవలసి వచ్చెను.

మఱియొక విశేషము. గ్రామీణులకు సాలుకు నూఱు దినముల పనిని హక్కుగా నిచ్చిన ఉపాధిహామీ చట్టమును 2006 ఫిబ్రవరి 2వ తేదీన ప్రధాని మన్మోహనసింగుగారు ప్రారంభించినది ఈ జిల్లాలోని నార్పల మండలమునందలి బండ్లపల్లెలో. టెంపుల్ దొర పౌను ధాన్యమునకు కూలిజేయించిన సీమలోనే, కూలి ప్రజల హక్కని చట్టము పలికినది. నడుమ గడచిన కాలము 129 సంవత్సరములు.

ఇంతవఱకు చెప్పినదానిని విని, కఱవు కేవలము పాలకుల దోషమే గాని భూమికి హద్దులేదని యెవరైన తలంచినచో, అది మా యభిప్రాయము కాదు. చరిత్ర రెండువైపులను కోయు కత్తి. ధాన్యపు చిక్కును మనము కొంత విప్పుకొంటిమి; నీటి చిక్కును బిగించుకొంటిమి. ఆ కథను కూడ నిర్మొగమాటముగా చెప్పవలెను.

పూర్వము ఈ సీమ పొలములలో జొన్న, సజ్జ, కొఱ్ఱ, రాగి, అరిక, సామ, కంది, ఉలవ కలిసి మెలిసి పండెడివి. ఒకటి పోయినను ఒకటి నిలిచెడిది. మంచియేట పండిన జొన్నలను పాతరలో పోసి మూసిపెట్టిన, చెడ్డయేట తీసికొనుట కుండెడిది. ఇంటనున్న పాతరయే ఆనాటి బ్యాంకు. 20వ శతాబ్దపు ఉత్తరార్ధమున ఈ పైరులన్నిటిని త్రోసిరాజని వేరుసెనగ వచ్చెను. నూనెగింజలకై 1986లో కేంద్రప్రభుత్వము ప్రత్యేక కార్యక్రమము నారంభించిన పిమ్మట దాని విజృంభణమునకు మేర లేకపోయెను. ఒకప్పుడు ఈ యొక్క జిల్లాయందే ఎనిమిది లక్షల హెక్టారులకు పైగా వేరుసెనగయే యుండెను. దేశమున మఱే జిల్లాయందును అంత వేరుసెనగ లేదు. రైతు చేతిలో రొక్కమాడినది నిజము. పిల్లలను చదివించుకొన్నది నిజము. కాని ఒకే పైరుమీద సీమ బ్రదుకంతయు నిలిచినది. వాన తప్పినయేడు అప్పు మిగిలినది. వాన వచ్చినయేడు, విదేశములనుండి దిగుమతియైన తాటినూనె వలన ధర పడిపోయినది. పాతరలు పూడిపోయినవి గనుక తినుటకు ఇంట గింజలేదు. గత శతాబ్దపు చివరనుండి ఎన్నియో కుటుంబములలో యజమానులు ఆత్మహత్య చేసికొనిరి. వారి యిండ్లలో స్త్రీలు ఆ యప్పును తలనెత్తుకొనిరి.

వానను నమ్మలేక రైతు భూమిని త్రవ్వెను. బావులు పోయి బోరులు వచ్చినవి. ఈ సీమ అడుగున నున్నది నల్లఱాయి. అది దూదివలె నీటిని పీల్చుకొని యుంచునది కాదు. పగుళ్లలో మాత్రము కొంచెము నిలుపును. పైబోరులు ఆ యేటి వాననీటిని తోడును; లోతుబోరులు తాతలనాటి నీటిని తోడును. ఒకడు మున్నూఱు అడుగులు పోయిన, పొరుగువాడు ఐదువందలు పోవలెను. గెలిచినవాడు కొన్నాళ్లు వరి పండించును. ఓడినవాడు పొలమమ్మి బెంగుళూరునకు కూలికిపోవును. ఇది సాగు గాదు, జూదము. శాసనకర్త చెప్పిన యైదవ దోషము, నీరు కొంచెమై నేల మిక్కుటముగా నుండుట, ఇపుడు పాతాళమున జరుగుచున్నది. కంటికి కనబడని చెఱువునకు నీరుగంటి యెవడు?

ఇచట ఒక చిన్నలెక్క వేసి చూతము. 550 మిల్లీమీటర్ల వాన ఒక యెకరముపై కురిసినచో సుమారు 22 లక్షల లీటర్లగును. వరిపైరు ఒక కారుకు సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు త్రాగును. అనగా ఒక్క యెకరపు వరికి రెండెకరములపై ఏడాదియంతయు కురిసిన వాన యావత్తును, చుక్కపోకుండ, ధారపోసినను చాలదు. కొఱ్ఱకో, అందులో మూడవవంతైనను అక్కఱలేదు. కాబట్టి ఈ నేల ఎందఱిని పోషింపగలదను ప్రశ్నకు, వారేమి తిందురు అను ఎదురుప్రశ్న వేయక సమాధానము చెప్ప వీలులేదు. వరి తినువారికి ఇఱుకైన నేల కొఱ్ఱ తినువారికి విశాలమగును.

ఇందు మన వంటయింటి కథయు నున్నది. సంగటియు జొన్నరొట్టెయు బీదల తిండియనియు, వరియన్నము మర్యాదస్తుల తిండియనియు మనమే నిర్ణయించితిమి. పండుగనాడు మాత్రమే వరిమెతుకు చూచిన సీమకు, 1983లో కిలో రెండురూపాయల బియ్యపు పథకము రాగా ఆకలి తీఱినది. అది గొప్ప మేలు. దానిని తక్కువచేసి మాటలాడువాడు ఆకలినెఱుగడు. కాని ఆ మేలుతోపాటు చిఱుధాన్యములకు చోటు తప్పినది. చౌకదుకాణములో కొఱ్ఱలును జొన్నలును అదే గౌరవముతో నుంచియున్నచో, పొలములో వాని చోటు పోకయుండెడిది. 2023ను ఐక్యరాజ్యసమితి చిఱుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. ఇపుడు పట్టణములలో ధనికులు వైద్యుడు చెప్పినందున అవే గింజలను అధికవెలకు కొని తినుచున్నారు. తిండికి కులముకట్టిన మన బుద్ధికి ఇది తగిన పాఠమే.

ఇక జనసంఖ్యమాట. దీనిని తప్పించుకొనిపోవుట న్యాయము కాదు. జనము హద్దులేక పెరుగుచుండిన ఏ నేలయు చాలదనుట సత్యము. మాల్థసు చెప్పినదానిలో నిజమగు భాగమిది. ఆతడు తప్పినది, జనము పెరుగుటను ఆపునది ఆకలియొక్కటియే యని నమ్ముటయందు. ఆంధ్రదేశ చరిత్ర మఱియొకటి చెప్పుచున్నది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము ఆంధ్రప్రదేశమున స్త్రీకి సగటున బిడ్డలు 1.7. జనసంఖ్య స్థిరముగా నిలుచుటకు వలయునది 2.1. అనగా మన రాష్ట్రమున జనము పెరుగుట ముగియుచున్నది. మూడవబిడ్డ కలవారు స్థానికసంస్థలకు పోటీచేయరాదని 1994లో చేసిన నిబంధనను 2024లో తీసివేసిరి. ముప్పదియేండ్లలో భయము దిక్కు మార్చుకొన్నది!

ఇది కఱవువలన కలిగినది కాదు. బాలికలు పాఠశాలకు పోయిరి, వివాహవయస్సు పెరిగినది, పుట్టిన బిడ్డ బ్రదుకునను ధైర్యము తల్లికి కలిగినది, కనుక తక్కువ కనెను. కందుకూరి వీరేశలింగముగారు మొదలగువారు స్త్రీవిద్యకొఱకును బాల్యవివాహ నిర్మూలనకొఱకును పాటుపడినప్పుడు భూభారమును తలంచి యుండరు. కాని భూభారమును నిజముగా దించినది ఆ పనియే. అయినను సంతోషించి ఊరకుండుటకు వీలులేదు. అదే పరిశీలన ప్రకారము ఈ రాష్ట్రమున వివాహితలలో నూటికి సుమారు 70 మంది శస్త్రచికిత్స చేయించుకొన్నవారు. ఆ చికిత్సకు లోనైన మగవారు నూటికి ఒక్కరు కూడ లేరు. చెఱువుకట్ట తెగబోయిన నాడు బలియైనది ఇంటి కోడలు. జనసంఖ్య పెరిగినదన్న నాడును కత్తికి మెడవంచినది ఇంటి కోడలే. ముసలమ్మను కీర్తించుటతో మన పని తీఱదు. బరువును ఇరువురు మోయవలసిన చోట ఒక్కతె మోయుచున్నదని ఒప్పుకొనవలెను.

కావున ఈ సీమ చరిత్రనుండి మేము గ్రహించిన సిద్ధాంతము ఇది. భూమికి హద్దు కలదు. కాని ఆ హద్దు ఇంతమంది యని ఱాతిమీద చెక్కిన సంఖ్య కాదు. ఏ పైరు, ఎవరి నీరు, ఎవరి కూలి, ఎవరి తీర్పు అను నాలుగింటినిబట్టి అది పెరుగును, తఱుగును. 1877లో హద్దునకు చాల లోపలనుండగనే జనులు చచ్చిరి, అది అన్యాయమువలన. నేడు జనులు చావకుండగనే హద్దును దాటి నీటిని తోడుచున్నారు, అది మోహమువలన. మొదటిదానికి మందు న్యాయము. రెండవదానికి మందు కొలత. ఒకటి విడిచి ఒకటి పనిచేయదు. న్యాయము లేని కొలత టెంపుల్ దొర తూచిన పౌను ధాన్యమగును. కొలత లేని న్యాయము వట్టిపోయిన బోరగును.

నిరాశకు కారణము లేదు. చెన్నేకొత్తపల్లి ప్రాంతమున 1990లో నెలకొన్న టింబక్టు సంఘమువారు బీడుభూములను బాగుచేసి, కొండలపై చెట్లను బ్రదికించి, చిఱుధాన్యములను మరల పండించు రైతులను కూడగట్టి చూపించిరి. హంద్రీ-నీవా కాలువ ద్వారమున కృష్ణాజలము శ్రీశైలమునుండి ఎత్తిపోయబడి 2012లో జీడిపల్లి జలాశయమునకు వచ్చినది. 1937 నాటి శ్రీబాగు ఒడంబడిక కృష్ణా తుంగభద్రల నీటియందు ఈ సీమకు ప్రాధాన్యమును మాటయిచ్చినది. ఆ మాట కొంతకొంతగా నెఱవేఱుచున్నది. కాని ఎంతదూరపు నదిని తెచ్చినను, ఆ నీటిని వరికి ధారపోసినచో ఆఱుదోషముల శాసనమును మనము చదువనట్లే. వచ్చిన నీటితో ఊరూర చెఱువులను నింపి, పూడిక తీయించి, ఎవరి బోరు ఎంత తోడవలెనో ఊరందఱు కూర్చుండి నిర్ణయించుకొని, నేలలేనివారికిని స్త్రీలకును ఆ కూటమిలో పీట వేయవలెను.

మన పాఠకురాండ్రు, పాఠకులు ఇందు చేయదగినది లేకపోలేదు. వారమునకు కొన్నిపూటలైన కొఱ్ఱయన్నమో జొన్నరొట్టెయో వండి, అది బీదతనమను మాటను బిడ్డల చెవిని పడనీయకుందురు గాక. ఆడుబిడ్డ చదువును నడుమ ఆపకుందురు గాక. తమ యూరి చెఱువు ఆక్రమింపబడుచున్నప్పుడు, అది మనకేల యని తలుపు వేసికొనకుందురు గాక. పోరుమామిళ్ల శాసనమును వ్రాయించినవారు వేయిమంది కూలివాండ్ర కష్టమును ఱాతిపై నిలిపిరి. ఆ కట్ట నిలిచినన్ని దినములు ఆ కష్టము నిలిచినది. మనము కట్టినదేమి, పూడ్చినదేమి యని వెనుకటివారు లెక్క చూచుకొను దినము వచ్చును. ఆ లెక్కలో మన సంఖ్యను వారడుగరు. మన నడవడిని అడుగుదురు.